గొట్టంలో వినిపించిన కాశీ

ఛాతీ మీద గొట్టం ఆనించి, కళ్లు సగం మూసుకొని తన ఊపిరి విన్న ఆ బెంగాలీ డాక్టరు ఉన్నట్టుండి కాశీ సంగతి ఎందుకు ఎత్తాడన్న సందేహం అప్పలసూరిని ఏళ్ల తరబడి వదల్లేదు. సంత్రాగాఛి దగ్గర మందుల దుకాణం, దాని వెనక తెర కట్టిన చిన్న గది, గోడ మీద చెమ్మ, అప్పుడు తనకి కాలిపోతున్న ఒళ్లు, అన్నీ ఇప్పటికీ గుర్తే. "కాశి ఆఛే?" అన్నాడాయన. తర్వాత "కోతో దిన్?" అన్నాడు. కోతో దిన్ అంటే ఎన్ని రోజులని అప్పలసూరికి తెలుసు. గోడౌన్ల దగ్గర రోజూ చెవిన పడే మాటే అది. జ్వరమని వచ్చినవాణ్ని పట్టుకొని కాశీ అంటాడేమిటి, ఎన్ని రోజులంటాడేమిటి అని కంగారుపడ్డా, పెద్దమనిషి అడిగినదానికి జవాబు చెప్పకపోవడం తప్పు కదా అనుకొని, లారీల మీద నేర్చిన హిందీలో "నహీ బాబూ, అభీ తక్ నహీ" అన్నాడు. ఇంకా వెళ్లలేదు, పిల్లలు ఒక ఒడ్డుకి చేరాక వెళ్తాను అని కూడా చెబుదామనుకున్నాడు గానీ హిందీ అంత దూరం సాగలేదు. డాక్టరు సరేనన్నట్టు తల ఊపి, జ్వరానికి మాత్రలు రాసి, తెర అవతల ఉన్నవాణ్ని పిలిచాడు. గొట్టంలో ఆయనకి ఏం వినబడి ఉంటుంది?

ఇప్పుడు మళ్లీ ఒక డాక్టరు కోసం అప్పలసూరి ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు దగ్గర బల్ల మీద కూచుని ఉన్నాడు. డాక్‌ గేటుకి పోయే లారీలు బారులు తీరే రోడ్డు వార, టీ దుకాణాల మధ్య ఒక పాత గది. లారీవాళ్ల కోసమని ఎవరో పుణ్యాత్ములు నడుపుతున్నారు, వారానికి ఒకసారి డాక్టరమ్మ వచ్చి కూచుంటుంది. ఆ ఒక్కరోజూ, తన బండి ఇక్కడ ఆగే రోజూ కలిసిరావడం గ్రహాలు కూడడంలాంటిదే. ఎన్నిసార్లు ఈ గది తలుపుకి తాళం చూసి వెళ్లిపోయాడో. అలాగని పెద్దాస్పత్రికి పోదామా అంటే పెద్దాస్పత్రులన్నీ నో ఎంట్రీ లోపలే ఉంటాయి. ఈ ముక్క అతను చాలాకాలం క్రితమే కనిపెట్టాడు. విశాఖపట్నం కానీ, కటక్ కానీ, ఇక్కడ కానీ, పగలు లారీని ఊళ్లోకి రానివ్వరు. డాక్టర్లేమో పగలే చూస్తారు. లారీకి దారి తెరిచేవేళకి డాక్టరు ఇంట్లో భోజనానికి కూచుంటాడు. రోడ్డు పక్కన దొరికేదల్లా ధాబా వెనక నొప్పి బిళ్లలు అమ్మేవాడూ, ఏ రోగానికైనా ఒకే సూది పొడిచేవాడూ. బండికి పంక్చరైతే మైలుకొకడున్నాడు, మనిషికి పంక్చరైతే ఎవడున్నాడని తోటి డ్రైవరు గవరయ్య అంటుంటాడు. నిన్న ఖరగ్‌పూర్ దాటాక మొహం కడుక్కుంటూ దగ్గితే ఉమ్ములో ఎర్రటి చార కనిపించింది. పాన్ అనుకున్నాడు. కాసేపు నిజంగానే అలా అనుకున్నాడు. తర్వాత తను పొద్దుటినుంచీ పాన్ వేసుకోలేదని గుర్తొచ్చింది. అప్పటినుంచీ ఆ చార కళ్లముందు రోడ్డు మధ్య గీతలా సాగుతూనే ఉంది.

భార్య మహాలక్ష్మమ్మకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. సంత్రాగాఛి డాక్టరు మాట విన్ననాడే ఆమె తేల్చేసింది. "ఆ డాట్రు మామ్మూలోడు కాడు. నీ ఆయుస్సు ఎంతో ఆ గొట్టంలో ఇనబడిపోనాది ఆయనికి. అందుకే కాశీకెల్లినావేటి, ఇంకెన్ని రోజులకెల్తావేటని అడిగినాడు. నోటితో సెప్పలేక అలగడిగినాడు, దరమాత్ముడు" అని కళ్లొత్తుకొని, ఆ సాయంత్రమే దీపం దగ్గర మొక్కుకుంది. అప్పలసూరి నవ్వి కొట్టిపారేశాడు గానీ ఆ మాట లోపలికి దిగింది. కాశీకి వెళ్లినవాళ్లు తమకి ఇష్టమైనదాన్ని గంగలో వదిలి రావాలి, మళ్లీ జన్మలో ముట్టకూడదు. ఏం వదలాలి? టెక్కలిలో వాళ్ల వీధి గోవిందరాజు కాశీ వెళ్లి ఆనపకాయ వదిలి వచ్చాడు. ఆనపకాయంటే ఆయనకి మొదటినుంచీ పడదని వీధి అందరికీ తెలుసు. దేవుడికి మాత్రం తెలియదా, తెలిసి ఊరుకుంటాడా, లేక ఇచ్చిన చెయ్యి చూస్తాడు గానీ కాయ చూడడా? అప్పలసూరి ఆ విషయం స్టీరింగు ముందు చాలా మైళ్లు ఆలోచించాడు. తను మోసం చెయ్యకూడదనుకున్నాడు. తనకి అన్నిటికంటే ఇష్టమైనది బీడీ. కాశీ ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి ముందుగానే వదిలేస్తే వెళ్లినప్పుడు చెప్పుకోవచ్చు కదా అని ఒకరోజు చిలకసరస్సు పక్కన బండి ఆపి, కట్టంతా నీళ్లలో వేశాడు. బీడీ కట్ట తేలుతుందని అప్పుడే చూశాడు. అది చాలాసేపు ఒడ్డునే తచ్చాడింది, వెళ్లడం ఇష్టం లేనట్టు. మొగల్‌సరాయికి లోడు పడినప్పుడు కాశీ కనిపించింది కూడా. వంతెన మీద, ఎడంచెయ్యి స్టీరింగు మీదుంచి కుడిచేత్తో దణ్ణం పెట్టుకున్నాడు. ఊరంతా నీటి అంచున ఎండలో మెరిసింది. లోపలికి పోనిద్దామంటే పోలీసు కర్ర అడ్డం పెట్టాడు. నో ఎంట్రీ. ఆస్పత్రీ అక్కడే, విశ్వనాథుడూ అక్కడే. ఇద్దరూ లారీలు రాని వేళల్లోనే దర్శనమిస్తారు.

బయట గేటు దగ్గర మైకులో ఎవరో ఆవేశంగా మాట్లాడుతున్నారు. మధ్యాహ్నంనుంచీ డాక్ కూలీల మీటింగు, ఎర్రజెండాలు, ఊరేగింపు. అందువల్లే లారీల బారు కదలడం లేదు, అందువల్లే తను ఇక్కడ కూచోగలిగాడు. ఓడలో వచ్చిన బఠానీలు ఎత్తుకొని విజయనగరం పోవాలి. మీటింగు ఎప్పుడు ముగిస్తే అప్పుడు గేటు తెరుస్తారు, బారు కదులుతుంది, బండి ముందుకి జరగకపోతే వెనకవాడు పక్కనుంచి దూరిపోతాడు, వంతు పోతే మళ్లీ తోక చివరికి. "చొల్బే నా, చొల్బే నా" అని జనం అరుస్తున్నారు. నడవదు, సాగదు అని. ఈ ఊళ్లో అడుగుపెట్టిన కొత్తలో ఆ మాట వినీ వినీ, లారీ కదలని రోజున దీన్ని మంత్రంలా చదువుతారు కాబోలనుకున్నాడు. మాటలు తమాషాగా ఉంటాయి. ఇక్కడి హోటల్లో అన్నం వడ్డించేవాడికి "చాలు, చాలు" అంటే ఇంకో గరిటె పడేది. చాలు అంటే వాళ్లకి నడుస్తోంది, సాగనీ అని అర్థమట. చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకునేదాకా పొట్ట పగిలేలా తిన్నాడు. ఒకసారి కాళీఘాట్‌లో తోపులాట మధ్య అమ్మవారి ముందు నిలబడి, ఒళ్లు నొప్పులతో, నిద్రలేమితో, "ఇంక చాలు తల్లీ" అని మొక్కుకున్నాడు. ఈ రోడ్డు బతుకు చాలని. ఆ తల్లి ఈ ఊరి మనిషి కదా. చాలు అంటే ఏమని వినుంటుంది? అప్పటినుంచీ బండి నడుస్తూనే ఉంది మరి. ఆ ఆలోచన వచ్చి బల్ల మీద ఒక్కడూ నవ్వుకున్నాడు, పక్కన కూచున్న బిహారీ డ్రైవరు వింతగా చూశాడు. నవ్వు చివర దగ్గు తన్నుకొచ్చింది. తువ్వాలు నోటికి అదుముకొని మింగేశాడు. డాక్టరు గుమ్మంలో కూచుని దగ్గడం మర్యాద కాదు. సంత్రాగాఛిలోనూ అంతే చేశాడు, ఆయన మొహం మీద దగ్గకూడదని ఊపిరి బిగబట్టి కూచున్నాడు.

బండి తాళం గవరయ్య దగ్గరుంది. ఇచ్ఛాపురం మనిషి, తన బండి వెనకే అతని బండి. డాక్ గేటు దగ్గర డ్రైవర్ల పద్ధతి ఒకటుంది. ఎవడికైనా పనిపడితే వెనకవాడికి తాళం ఇచ్చి వెళ్లాలి. బారు కదిలినప్పుడు వెనకవాడు ముందు బండిని జరిపి, దిగి, వెనక్కి నడిచి వచ్చి, తన బండిని జరుపుకుంటాడు. ఎండలో ఆ ఎక్కడం దిగడం మామూలు పని కాదు. సంత్రాగాఛి డాక్టరు దగ్గరికి పోయిన ఆ జ్వరం రోజుల్లోనూ అప్పలసూరి బండిని గేటుదాకా జరిపింది గవరయ్యే. దానికి టీ ఇప్పించబోతే తాగలేదు, భోజనం పెట్టిస్తానంటే నవ్వాడు. బండి జరిపిన రుణం బండి జరిపే తీర్చుకోవాలి, లారీవాళ్లలో ఇంకే విధంగానూ అది చెల్లదు. కానీ గవరయ్య ఏనాడూ బండి దిగి పోయే మనిషి కాదు, ఎవరికీ తాళం ఇవ్వడు. ఇన్నేళ్లలో ఎన్నో గేట్ల దగ్గర కలిశారు, ఒక్కసారైనా సందు ఇవ్వలేదు. ఇవాళ మళ్లీ తనే తాళం అందుకుని, "ఎల్లు, ఎల్లు. సచ్చిపోతే బఠానీలు ఎవుడు మోస్తాడు" అన్నాడు. అలా అంటూ కిందికి దిగలేదు, మోకాలు మాత్రం పట్టుకున్నాడు. కుడికాలికి కట్టిన గుడ్డ మురికిపట్టి నల్లగా ఉంది. ఏమైందంటే సైలెన్సరు కాలిందన్నాడు. సైలెన్సరు కాలిన పుండు ఇన్నాళ్లు మానకుండా ఉంటుందా? నొప్పి లేదట. పుండుకి నొప్పి లేకపోవడమేమిటి? ఆ ప్రశ్న కూడా అప్పలసూరి లోపల ఒక మూల కూచుంది.

"అప్పల్‌సూరీ కే ఆఛే?" అని లోపలినుంచి పిలుపు. పిలిచింది తవిటమ్మ, ఆ గదిలో ఊడ్చి తుడిచి మనుషుల్ని వరసలో కూచోబెట్టే ఆమె. అతని మొహం చూడగానే భాష మార్చింది. "ఏటి సిన్నాన్నా, మనోల్లేటి? రా, రా. డాట్రు దీదీ మంచిది, బయ్యపడకు" అంది. ఖిదిర్‌పూర్‌లోనే పుట్టిందట, తండ్రి డాక్‌లో మూటలు మోశాడట, ఊరు పలాస వైపని విన్నదే గానీ చూడలేదట. ఇన్ని సంగతులూ గుమ్మం నుంచి కుర్చీదాకా నడిచేలోపే చెప్పేసింది. డాక్టరమ్మ చిన్నది, తన పెద్దకూతురి ఈడు ఉంటుంది. వీపు మీద గొట్టం పెట్టింది, ఊపిరి పీల్చమంది, వదలమంది. గొట్టం చల్లగా తగలగానే అప్పలసూరి కళ్లు మూసుకున్నాడు. సంత్రాగాఛి చెమ్మ వాసన వచ్చినట్టయింది. ఆమె ముందుకి వచ్చి, మొహంలోకి చూసి, అదే మాట అడిగింది.

"కాశి ఆఛే?"

ఈమెకీ వినబడింది. అయితే అబద్ధం కాదు, ఆయుష్షు నిజంగానే గొట్టంలో వినబడుతుంది. మహాలక్ష్మమ్మ ముందే చెప్పింది. మళ్లీ నహీ అని చెప్పి, తల ఊపించుకొని, మాత్రలు తీసుకొని లేచిపోవచ్చు. నోట్లోకి ఆ మాట వచ్చేసింది కూడా. కానీ భయం కంటే ముందు ఆ పాత సందేహం పైకి లేచింది. చావైనా సరే, ఎందుకడుగుతున్నారో తెలుసుకొని చావాలి.

"అమ్మా తవిటమ్మా, ఓ మాట అడిగి సెప్తావేటి?" అన్నాడు. "డాట్రులందరూ నన్ను కాశీ గురించే ఎందుకడుగుతన్నారు? అప్పుడెప్పుడో ఓ బాబు ఇలగే గొట్టం పెట్టి అడిగినాడు. ఎల్లనేదని సెప్పినాను. ఇప్పుడీ తల్లీ అడుగుతన్నాది. నాకు ఆకరి రోజులొచ్చీసినాయని తెలిసిపోతాదేటి?"

తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. "ఓలమ్మ, సిన్నాన్నా" అంది ఎట్టకేలకి. "ఆ కాశీ కాదు. ఇదీ" అని గొంతు పట్టుకొని ఖళ్లుఖళ్లున రెండుసార్లు దగ్గి చూపించింది. "ఈల బాసలో దగ్గుని కాశి అంతారు. దగ్గుందేటి, ఎన్నాల్లబట్టని అడుగుతంది. పుట్టినకాణ్ణించీ ఇంటన్నాను గాని ఆ కాశీ, ఈ కాశి ఒకేనాగ ఉన్నాయని నాకూ ఇప్పటిదాకా తట్టనేదు సుమీ."

బెంగాలీలో ఆమె డాక్టరమ్మకి చెబుతుంటే ఆ పిల్ల మొహం మొదట నవ్వు వైపు పోయి, మధ్యలో ఆగిపోయింది. అప్పలసూరికి మాత్రం నవ్వు ఆగలేదు. దగ్గు. ఒట్టి దగ్గు. గంగ లేదు, విశ్వనాథుడు లేడు, ఆయుష్షు లేదు, ఆ బాబు అడిగింది దగ్గుందా అని. తను చెప్పింది ఇంకా వెళ్లలేదని. దగ్గు లేదని రాసుకొని ఉంటాడు పాపం, తప్పేముంది ఆయనది. గోవిందరాజు ఆనపకాయ, తన బీడీ కట్ట, మహాలక్ష్మమ్మ దీపం, వంతెన మీద దణ్ణం, అన్నీ ఒక్క మాట చుట్టూ తిరిగాయి. నవ్వుతుంటే ఊపిరి అందలేదు, నవ్వు దగ్గయింది. ఇన్నేళ్లుగా డాక్టర్ల ముందు మర్యాదగా మింగిన దగ్గంతా ఆ గదిలో బయటపడింది. బల్ల పట్టుకొని వంగి వంగి దగ్గాడు. తువ్వాలు తీసేసరికి దాని మీద ఎర్రగా ఉంది. డాక్టరమ్మ ఆ తువ్వాలు చూసింది, ఇంకేమీ అడగలేదు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా అందించి, పెరట్లోకి వెళ్లి లోపలినుంచి కళ్లె తీసి అందులో వెయ్యమంది.

డబ్బా మూతపెట్టి ఇచ్చాక ఆమె ఇంకో ప్రశ్న వేసింది, తవిటమ్మ దాన్ని తెలుగు చేసింది. "రేపు యాడుంటావని అడుగుతంది." ఆ మాట అతన్ని ఇప్పటిదాకా ఓనరూ ట్రాన్స్‌పోర్టు వాళ్లూ తప్ప ఎవరూ అడగలేదు. రేపు ఈవేళకి బరంపురం దాటుతాను, ఎల్లుండి విజయనగరం, ఆపైన లోడుని బట్టి అన్నాడు. మరి ఇల్లు లేదా అని తవిటమ్మ అంటే, టెక్కలిలో ఉంది. హైవే ఇంటి పక్కనుంచే పోతుంది, మహాలక్ష్మమ్మ రోడ్డు మీదకి వచ్చి కారియరు అందిస్తుంది, ఇంజను ఆపకుండానే అందుకుంటాను. డాక్టరమ్మ చెప్పినదాన్ని తవిటమ్మ వివరించింది. టీబీ అని తేలితే మందు రోజు విడిచి రోజు, మందిచ్చేవాళ్ల ఎదుట మింగాలి, నెలల తరబడి, ఒకే చోట. కదిలేవాడికి ఆ మందు ఎవరు ఇవ్వాలో ఆమెకీ అంతుపట్టినట్టు లేదు. చివరికి కళ్లె పరీక్ష ఫలితం, అతనికి సెల్లు లేదు కాబట్టి, తవిటమ్మ గవరయ్య సెల్లుకి చెప్పేటట్టు, టెక్కలి ఆస్పత్రికి ఉత్తరం రాసిచ్చేటట్టు, ఈ లోడు దింపాక అతను బండి దిగేటట్టు మాటైంది. బండి దిగడమంటే ఏమిటో ఆమెకి తెలియదు, ఇల్లెలా గడుస్తుందో అతనికీ తెలియదు. కానీ జబ్బుకి ఒక పేరుంటుంది, పేరుంటే మందుంటుంది. ఆయుష్షు గొట్టంలో లేదు. లేచేటప్పుడు తవిటమ్మ ఆమె చెప్పిన ఇంకో మాట అందించింది. "బీడీలు మానీమంతంది."

"ఎప్పుడో మానీసినాను. ఆ బాబు కాశీకెల్లమన్నాడని" అన్నాడు. తవిటమ్మ మళ్లీ కొంగు నోట్లో పెట్టుకుంది.

బయట ఎండ వాలలేదు. లారీల వరస పక్కన నడుస్తుంటే మనసు ఆ మాటనే నాకుతోంది, నోట్లో ఊడిన పన్ను చోటుని నాలుక వెతికినట్టు. తప్పుగా విన్న మాటకి బీడీ పోయింది. సరిగ్గా విని ఉంటే అప్పుడే ఛాతీకి ఫోటో తీయించి, మందిచ్చి, బీడీ మానమనేవారు, తను మానేవాడా? డాక్టరు చెబితే మానని డ్రైవర్లని ఎందరిని చూశాడు. దేవుడు చెప్పాడనుకున్నాడు కాబట్టి మానాడు. మరి అది తప్పెలా అవుతుంది? చెప్పిన మాట ఒకటి, విన్న మాట ఒకటి, ఆ మధ్య ఖాళీలో కూచుని ఆయన తన పని తాను చేసుకుపోతాడా? అలాగని దగ్గు ముదిరింది కూడా ఆ ఖాళీలోనేగా. ఏమో. మహాలక్ష్మమ్మని అడగాలి. కాశీ మొక్కు తీసెయ్యనని అంటుంది, అది ఖాయం.

గవరయ్య తన బండి లోపల బానెట్ మీద గుడ్డకట్టిన కాలు చాపుకొని కూచున్నాడు. గుడ్డ అంచున ఈగలు. "ఏటన్నాది?" అన్నాడు.

"దగ్గన్నాది" అన్నాడు అప్పలసూరి. "నీ తాళం ఇలా తే."

"నాకేటయినాది?"

"నొప్పిలేని పుండు ఏటో డాట్రమ్మనడుగు. షుగరేమో చూస్తాది. నేను అడగాల్సింది అడిగీసినాను, ఇప్పుడు నీ వొంతు."

"కోసీత్తారురా కాలు." ఇన్నేళ్ల స్నేహంలో గవరయ్య భయపడడం అప్పలసూరి చూడలేదు. ఎప్పుడూ తాళం ఇవ్వనిది బండి మీద ప్రేమతో అనుకున్నాడు.

"ఎవుడు సెప్పినాడు నీకు?"

"మొన్న ధాబాకాడ ఒకుడు."

"ఆడేటన్నాడో, నువ్వేటిన్నావో. ఎల్లి ఆవిణ్ణి అడుగు. తవిటమ్మని మనపిల్ల ఉన్నాది, ఒక్కో మాటకీ అర్తం సెప్పించుకో. గది మూసీస్తారు, ఎల్లు."

"గేటు తీసీస్తే?"

"నేనున్నాను కదేటి?"

గవరయ్య గేటు వైపు చూశాడు. తర్వాత రెండు తాళాలూ బానెట్ మీద పెట్టి, పక్కకి జరిగి, తలుపు పట్టుకొని దిగాడు. చెప్పులో పాదం సరిగ్గా పట్టలేదు. తిట్టుకుంటూ, లారీల నీడల్లోనుంచి కుంటుతూ పోయాడు. టీ దుకాణాల దగ్గర ఒకసారి ఆగాడు. అప్పలసూరి అటే చూస్తూ నిలబడ్డాడు. గవరయ్య మళ్లీ నడిచి, గది గుమ్మంలోకి వంగి లోపలికి పోయాడు.

మైకు ఆగింది. జెండాలు పక్కకి తొలిగాయి, గేటు కిర్రుమంది, ముందెక్కడో ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. అప్పలసూరి తన బండి ఎక్కి, ముందు బండి తోక అంటేదాకా జరిపి, చక్రాలకి బ్రేకు పట్టించి, దగ్గు వస్తే ఆగి దగ్గి, దిగి వెనక్కి నడిచాడు. వెనక ఉన్న పంజాబీ డ్రైవరు హారన్ మోగించి పక్కకి తిప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. గవరయ్య బండి మెట్టు ఎత్తు, ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. సీటు కూడా పొడుగు మనిషికి సరిపడా వెనక్కి ఉంది, క్లచ్ అందడానికి అంచున కూచోవలసి వచ్చింది. తనది కాని స్టీరింగుని తాకిన చేతిని కళ్లకద్దుకున్నాడు, మొదటి గేరు వేశాడు. బండి తన పొడుగంత దూరం, మెల్లగా, ముందుకి జరిగింది.